అరువిచ్చిన కూత

విజయనగరం,
నవంబరు 6, 2023.

ఒసే పద్మా,

ఓడినవాళ్ళే ముందు రాయాలి గనక మళ్ళీ నేనే రాస్తున్నాను. ఈ మాటతో ఉత్తరం మొదలుపెట్టడం అలవాటై పదేళ్ళు దాటింది. మొన్న పోస్టాఫీసులో కవరు కొంటుంటే కౌంటర్లో అమ్మాయి "ఏటి మేడమ్, మల్లీ ఓడిపోనారేటి?" అని పరామర్శించింది. మా చంపావతి విశ్వవిద్యాలయం పరువు ఎక్కడిదాకా వెళ్ళిందో చూడు.

ముందు లాంఛనం. చంపావతి విశ్వవిద్యాలయం మహిళా కబడ్డీ జట్టు, వంశధార విశ్వవిద్యాలయం మహిళా కబడ్డీ జట్టును ఫిబ్రవరి రెండో ఆదివారం తమ మన్ను కోర్టుకు ఏటేటి ఆటకు రమ్మని పిలుస్తోంది. లాంఛనం తీరింది.

ఇక అసలు సంగతి. మాకు కొత్త రిజిస్ట్రారు వచ్చాడు. నన్ను పిలిచి, "ఫిజికల్ డైరెక్టరుగా మీకింత అనుభవం ఉంది, ఒక్క ఆట కోసం చేత్తో ఉత్తరాలు రాసుకోవడం ఏమిటమ్మా, ఫోను చేసుకుంటే అయిపోదా?" అన్నాడు. కూర్చుని కథంతా చెప్పాను. మీ నారాయణమూర్తి మాష్టారూ మా లక్ష్మీనరసింహం గారూ ఈ ఆట మొదలుపెట్టిన కొత్తలో, కాలు గీత దాటిందా లేదా అన్న గొడవ మీద ట్రంకు కాల్లో తిట్టుకున్నారని, ఆ కోపంలో ఒక ఏడు ఆటే లేకుండా పోయిందని, తర్వాత ఇద్దరూ సిగ్గుపడి ఇకమీదట ఈ ఆట గురించి ఫోనులో మాట్లాడకూడదని ఒట్టేసుకున్నారని చెప్పాను. ఓడినవాళ్ళు ఉత్తరం రాసి పిలవాలి, గెలిచినవాళ్ళు రామనకూడదు. వాళ్ళిద్దరూ పోయారు. ఆ కోర్టు మీద ఆడిన మనిద్దరం ఇప్పుడు వాళ్ళ కుర్చీల్లో కూర్చుని అదే పని చేస్తున్నాం.

ఆయన మర్యాదగానే విన్నాడు. విని, "బావుందమ్మా. ఈ ఏడు ఏ కారణం చేతనైనా ఆట జరక్కపోతే మాత్రం క్యాలెండర్లోంచి తీసేద్దాం. ఆ స్థలం బిల్డింగుకి కావాలి" అన్నాడు. అందుకని పద్మా, వానొచ్చినా వరదొచ్చినా మీరు రావాలి. మమ్మల్ని ఎప్పటిలాగే ఓడించండి, ఫరవాలేదు. ఆట జరగాలి, అంతే.

మా జట్టు సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

నీ
సుందరి


శ్రీకాకుళం,
నవంబరు 19, 2023.

సుందరీ,

పిలుపు అందింది. వస్తాం, గెలుస్తాం, మీరు పెట్టే ఇడ్లీలు తిని వెళ్తాం. ఇది మా లాంఛనం.

మీ రిజిస్ట్రారుకి కథ చెప్పిన దానివి అసలు కథ చెప్పావా? సంగీతం పంతులుగారి అమ్మాయివి, మీ నాన్నగారు పాటకి ఊపిరి పట్టడం నేర్పితే నువ్వు దాన్ని చెడుగుడు కూతకి వాడేశావనీ, ఆయన చివరిదాకా ఆ సంగతి బంధువుల దగ్గర దాచారనీ చెప్పాల్సింది. నీ కూత తెగేది కాదు. మాకు చెవులు చిల్లులు పడేవి.

ఈసారి మా జట్టులో ఒక పిల్లని నువ్వు చూడాలి. పేరు అరుణశ్రీ, ఊరు కళింగపట్నం. ఎమ్మే చివరి ఏడు. ఏటి మొగ దగ్గర తడి ఇసకలో పరుగెత్తి పెరిగింది, అందుకే మన్ను కోర్టు మీద దాని కాలికి పట్టు ఎక్కువ. అయితే దాని విద్య కాలిలో లేదు, చేతి వేళ్ళలో ఉంది. ఎదుటివాళ్ళకి తగిలినట్టే తెలియదు, తగిలిందని మాత్రం దానికి తెలుస్తుంది. ఎలా తెలుస్తుందే అని అడిగితే "తెలస్తాది మేడమ్, ఏలికి తెలస్తాది" అంటుంది. ముప్పై ఏళ్ళలో ఇలాంటి చెయ్యి నేను చూడలేదు. నీదీ నాదీ ఎందుకూ పనికిరావు.

తండ్రి ఎర్రన్న నడుం పడిపోయి చేపల వేటకి వెళ్ళడం మానేశాడు. తల్లి జగ్గమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. మొన్న డిపార్టుమెంటుకి వచ్చి నా బల్ల మీద నెత్తళ్ళ పొట్లం పెట్టి, నిలబడే చెప్పింది: "సదువైపోనాక ఆటేటమ్మా? రొయ్యల ఫేట్రీ బస్సు మా ఈదిలోకే వస్తాది. ఎండాకాలం దాకా సూత్తాను. ఈలోగా ఉజ్జోగం వచ్చినాదా, మీ కాళ్ళకి మొక్కుతాను. రానేదా, గుంట బస్సెక్కాల." కూర్చోమంటే కూర్చోలేదు.

రైల్వే కోచ్ పృథ్వీరాజ్ ఈసారి మన ఆట చూడటానికి వస్తానన్నాడు. నచ్చిన పిల్లల్ని మార్చిలో విశాఖపట్నంలో రైల్వే ఉద్యోగాల సెలక్షన్‌కి పిలుస్తాడు. అరుణశ్రీకి ఉన్నది ఆ ఒక్క దారి. కాబట్టి నీ ఆట ఎంత అవసరమో నాకూ అంతే అవసరం. మీ రిజిస్ట్రారుకి నా నమస్కారాలు చెప్పు.

మీ జట్టు సంగతి రాస్తానని రాయలేదు. ఏం దాస్తున్నావే?

పద్మ


విజయనగరం,
జనవరి 9, 2024.

పద్మా,

దాచింది ఇదీ. నా దగ్గర ఆరుగురే ఉన్నారు.

దసరాలకి తొమ్మండుగురు ఉండేవారు. ఒకమ్మాయికి మార్గశిరంలో పెళ్ళయింది. ఒకమ్మాయి హైదరాబాదులో ఆస్పత్రి రిసెప్షన్లో ఉద్యోగం దొరికిందని టీసీ తీసుకుని వెళ్ళిపోయింది. మూడోదానికి స్కూటీ మీంచి పడి మోచెయ్యి విరిగింది. కొత్తగా చేరినవాళ్ళని బతిమాలితే, మ్యాట్ ఉంటే వస్తాం గాని మట్టిలో పడి దొర్లడం మావల్ల కాదంటున్నారు. శృంగవరపుకోట దాకా వెళ్ళి అక్కడి కాలేజీలో ఒక పిల్లని అడిగాను. వాళ్ళ నాన్న నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

ఏడుగురు లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే రిజిస్ట్రారు ఏం చేస్తాడో నీకు రాశాను.

అందుకని పాత పద్ధతిలో అడుగుతున్నాను. ఒక మనిషిని అరువివ్వు.

నీకు గుర్తు చెయ్యక్కర్లేదు, అయినా చేస్తాను. మనం ఆడే రోజుల్లో మా ఎస్.కోట పిల్లలిద్దరూ కొత్తవలసలో రైలు మారాల్సింది పోయి, పకోడీలు తింటూ ఎదుటి ప్లాట్‌ఫారం మీద బండెక్కి విశాఖపట్నంలో తేలారు. వాళ్ళలో ఒకర్తి సాయంత్రానికి ఏడుస్తూ ఆటో దిగింది, రెండోది రానేలేదు. మేం ఆరుగురం మిగిలాం. అప్పుడు నారాయణమూర్తి మాష్టారు మీ జట్టంతటినీ ఒకసారి చూసి, నిన్ను ముందుకి నెట్టారు. మీవాళ్ళు గోల పెడితే ఆయనన్న మాట నాకిప్పటికీ వినపడుతోంది: "అరువిచ్చేటప్పుడు మంచిదాన్నే ఇవ్వాల్రా. కుంటి ఎద్దునిచ్చి దున్నుకోమంటామేటి?" ఆ రోజు నువ్వు మా నీలం బనీను వేసుకుని మీవాళ్ళనే ఉతికి ఆరేశావు. రాత్రికి మా ఇంట్లోనే పడుకున్నావు. మనం స్నేహితులమైంది ఆ అరువు వల్లే కదా.

మళ్ళీ ఇన్నేళ్ళకి అడుగుతున్నాను. ఎవరినిచ్చినా కళ్ళకద్దుకుంటాను.

నీ
సుందరి


శ్రీకాకుళం,
జనవరి 21, 2024.

సుందరీ,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను, మిగతా రోజులు ఆలోచించాను.

అరువివ్వడమంటూ జరిగితే అరుణశ్రీనే ఇవ్వాలి. వేరేవాళ్ళనిస్తే మాష్టారు పైనుంచి నన్ను చూసి ఉమ్మేస్తారు. అయితే ఆ పిల్ల భవిష్యత్తు దగ్గర నేను మర్యాదలు చూసుకోకూడదు కదా అని వెనకాడాను. తీరా కూర్చుని ఆలోచిస్తే ఇది దానికీ మంచిదే అనిపించింది. మా జట్టులో కూతకి వెళ్ళేవాళ్ళు నలుగురున్నారు. దాని వంతు వచ్చేసరికి సగం ఆట అయిపోతుంది. నీ జట్టులో అయితే (కోపగించుకోకు) కూతకి పనికొచ్చేవాళ్ళు లేరు. ప్రతిసారీ అదే వెళ్ళాలి. పృథ్వీరాజ్ కళ్ళెదురుగా ఆటంతా అదే కనిపిస్తుంది.

పిల్లలందరినీ కూర్చోబెట్టి కథ చెప్పాను. మా కెప్టెన్ సుహాసిని అరుణశ్రీకి హాస్టల్లో గదిమేటు. దాని మొహం మాడిపోయింది. అరుణశ్రీ మాత్రం, "మేడమ్, నన్ను మావోల్ల మీదికే తోలేత్తన్నారేటి?" అంది. ఒకప్పుడు నన్నూ అలాగే తోలారని చెప్పాను. "మీరు గెలిసినారా?" అని అడిగింది. గెలిచానన్నాను. "అయితే ఎల్తాను" అంది.

మా క్లర్కు ఒకడు, ఇప్పుడు పిల్లలందరికీ ఆన్‌లైన్లో రిజిస్ట్రేషన్ నంబర్లున్నాయి కదా మేడమ్, ఇలా చెయ్యొచ్చా అని నసిగాడు. ఇది కప్పులకీ పతకాలకీ ఆడేది కాదురా, మనింటి ఆట అన్నాను.

పిల్లని జాగ్రత్తగా చూసుకో. పొద్దున్న లేవగానే గంజి తాగుతుంది, అన్నం వార్చాక ఒక గ్లాసు పక్కన పెట్టించు. నీలం బనీను చిన్న సైజుది చూడు.

పద్మ


విజయనగరం,
ఫిబ్రవరి 14, 2024.

నా పద్మా,

గెలిచాం! నువ్వక్కడే ఉన్నావు, నీ ఎదురుగానే గెలిచాం, అయినా నీకు రాసి చెప్పుకోవాలని ఉంది. గెలిచినవాళ్ళు రాయకూడదన్న నియమం ఎక్కడా లేదు కదా.

నువ్వు అటువైపు కూర్చున్నావు గనక నీకు కనపడి ఉండదు, నేను చూసింది చెప్తాను. చివరి కూతకి అరుణశ్రీ వెళ్ళేటప్పుడు మేం ఒక్క పాయింటు వెనకున్నాం. దాని కూత నా కూతలా పెద్దది కాదు, తనలో తను ఏదో చెప్పుకుంటున్నట్టుంటుంది. మూలనున్న పిల్లని తాకింది, ఆ పక్కనున్నదాన్నీ తాకింది. ఆ ఇద్దరికీ తగిలినట్టే తెలియలేదు పద్మా! తిరిగి వస్తుంటే సుహాసిని చీలమండ దొరకబుచ్చుకుంది. బోర్లా పడిపోయింది. సుహాసిని దాని మీద పడింది, ఇంకో ఇద్దరు పడ్డారు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ మనుషుల కింది నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఉంది. వేళ్ళ కొసలు మధ్యగీత మీద ఉన్నాయి, వాటికి సున్నం అంటుకుని ఉంది.

తర్వాత అది ఏడుస్తుంటే గెలిచిన సంతోషమనుకున్నాను. "మావోల్లనే ఓడగొట్టేసినాను మేడమ్" అని ఏడుస్తోంది. సుహాసిని దాన్ని ఎత్తుకుని కోర్టంతా తిప్పింది. మీ పిల్లల్ని చూసి నాకు కళ్ళనీళ్ళాగలేదు.

పృథ్వీరాజ్ వెళ్ళేముందు నాతో అన్నమాట: "ఈ పిల్ల మార్చిలో రాకపోతే నేనే కళింగపట్నం వచ్చి తీసుకెళ్తాను." నీతోనూ అనే ఉంటాడు.

ఇంకో సంబరం. తెలిసిన రిపోర్టరుంటే రప్పించాను. ఆ సున్నపు వేళ్ళ ఫొటో జిల్లా పేజీలో సగం పేజీ వేశారు. మన ఆట చరిత్రంతా కూర్చుని చెప్పాను, ట్రంకు కాల్ తిట్లు, పకోడీలు, నీ అరువు, అన్నీ. అరుణశ్రీ వంశధార అమ్మాయని, పాత ఆచారం ప్రకారం మా తరఫున ఆడిందని స్పష్టంగా రాయించాను. గొప్పంతా మా ఒక్కళ్ళకే దక్కడం నాకిష్టం లేదు. పది కాపీలు కొన్నాను. ఒకటి రిజిస్ట్రారు బల్ల మీద పెడితే చదివి, ఆట క్యాలెండర్లో ఉంచుతానన్నాడు. రెండు నీకు పంపుతున్నాను, ఒకటి ఆ పిల్లకివ్వు.

ఇక నీ వంతు. వచ్చే నవంబరులో ముందు రాయాల్సింది నువ్వు!

నీ
సుందరి


శ్రీకాకుళం,
ఫిబ్రవరి 26, 2024.

సుందరీ,

పొగరెక్కింది నీకు. పదేళ్ళకి ఒకసారి, అదీ మా పిల్లతో గెలిచి, ఇంత పొడుగు ఉత్తరమా?

పేపరు అరుణశ్రీకిచ్చాను. ఊరికి తీసుకెళ్ళింది. జగ్గమ్మ వీధిలో అందరికీ చూపించిందట. ఫొటోలో మొహం కనపడకుండా మట్టిలో ఉందని కాస్త అలిగిందట గాని, "సెయ్యి మాత్రం మా గుంటదే" అని అందరికీ చెప్పిందట. పిల్ల రోజూ ఏటి ఒడ్డున పరుగెడుతోంది. సెలక్షన్ మార్చి ఇరవైన. కొత్త బూట్లు కొనిచ్చాను, వద్దంటూనే తీసుకుంది.

ఓడిపోవడం ఇలా ఉంటుందని మర్చిపోయాను. అంత చేదుగా ఏమీ లేదు.

ఒక చిన్న సంగతి. రాష్ట్ర క్రీడా సంఘం నుంచి మా ఆఫీసుకి కాగితం వచ్చింది, ఆ ఆట వివరాలు పంపమని. జిల్లా పేజీ చూశారట. మన ఆట వాళ్ళ దాకా వెళ్ళిందంటే మంచిదే. జరిగింది జరిగినట్టు రాసి పంపాను.

పద్మ


శ్రీకాకుళం,
మార్చి 27, 2024.

శ్రీమతి త్రిపురసుందరి గారికి,
నమస్కారాలు.

మీకు తెలియవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి గనక రాస్తున్నాను.

ఒక విశ్వవిద్యాలయంలో నమోదైన క్రీడాకారిణి అదే సంవత్సరం మరో విశ్వవిద్యాలయం తరఫున ఆడినందుకు అరుణశ్రీని క్రీడా సంఘం రెండేళ్ళు నిషేధించింది. ఈ ఏటి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో దానికొచ్చిన సర్టిఫికెట్టు కూడా రద్దు చేశారు. ఉత్తర్వు మార్చి పద్దెనిమిదిన వెలువడింది. మా ఆఫీసుకి ఇరవై రెండున అందింది.

ఈలోగా ఇరవయ్యో తేదీన ఆ అమ్మాయి తెల్లవారుజామున బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళింది. బూట్లు వేసుకుని వరసలో నిలబడింది. దాని నంబరు కంప్యూటర్లో కొడితే నిషేధం అని వచ్చింది. పక్కకి జరగమన్నారు. ఎందుకో చెప్పలేదు, వాళ్ళకీ తెలియదు. మిగతా పిల్లల సెలక్షన్ అయ్యేదాకా గేటు దగ్గర కూర్చుని, పృథ్వీరాజ్ గారు బయటికొచ్చాక అడిగిందట. సర్టిఫికెట్టు లేకపోతే తన చేతిలో ఏమీ లేదని, రెండేళ్ళు పోతే వయసు దాటిపోతుందని ఆయనన్నాడు. ఆయన్ని నేనేమీ అనను.

ఆట ఆడి ఊరుకుని ఉంటే సరిపోయేది కదండీ. గెలుపు మీకు కొత్త గనక సంబరం ఆపుకోలేకపోయారు. అర పేజీ ఫొటో వేయించి, ఎవరి పిల్లో, ఎవరి తరఫున ఆడిందో పేరుతో సహా రాయించి మరీ అందరికీ చెప్పారు. ఎవరైనా పగబట్టి ఫిర్యాదు చేసినా ఇంత వివరంగా చెయ్యరు.

నాకూ మెమో ఇచ్చారు. అది పెద్ద విషయం కాదు.

ఇట్లు,
పద్మకుమారి


విజయనగరం,
ఏప్రిల్ 21, 2024.

పద్మా,

నువ్వు నన్ను మీరు అన్నావు. అనాల్సిందే. నేను మాత్రం అనలేను.

ఒట్టు తప్పి నీకు ఫోను చేశాను. నాలుగు రోజులు చేశాను. నువ్వు ఎత్తలేదు.

సంఘం ఆఫీసుకి వెళ్ళాను. పొద్దున్న వెళితే మధ్యాహ్నం భోజనాలయ్యాక పిలిచారు. ఆఫీసరు కుర్రవాడే, మంచివాడిలాగే ఉన్నాడు. కథంతా మొదటి నుంచీ చెప్పాను. నీ అరువు గురించి చెప్తుంటే నవ్వాడు, బాగా నచ్చినట్టుంది. "చాలా బావుందండీ, కానీ ఇక్కడ ఆచారం అని రాయడానికి ఎక్కడా జాగా లేదు" అని కంప్యూటరు నావైపు తిప్పి చూపించాడు. నిజంగానే లేదు. మోసం చేసి ఆడించింది నేనని, పిల్లకేమీ తెలియదని, శిక్ష నాకు వెయ్యమని అడిగాను. "అంటే ఇది పొరపాటు కాదు, తెలిసే చేశారన్నమాట" అని అది కూడా రాసుకున్నాడు. నేను మాట్లాడినకొద్దీ బిగుసుకుంది. అప్పీలు చేసుకోవచ్చన్నాడు. చేశాను. మొన్న కొట్టేశారు.

రెండు విశ్వవిద్యాలయాలూ ఈ ఆట ఇకమీదట నిర్వహించకూడదని ఉత్తర్వు వచ్చింది. రిజిస్ట్రారు నన్ను పిలిచి, "చూశారా అమ్మా" అన్నాడు, అంతే. ఉగాది మర్నాడు మన కోర్టులోకి జేసీబీ వచ్చింది. మా గది కిటికీలోంచి కనపడుతుంది. కిటికీ వేసుకుని కూర్చుంటున్నాను.

రిపోర్టరుని బతిమాలి ఆ వార్త నెట్లోంచి తీయించాను. ఫోనులో ఉన్న ఫొటో తుడిచేశాను. నా దగ్గర మిగిలిన పేపర్లన్నీ పెరట్లో పెట్టి కాల్చేశాను. కాల్చాక తెలిసింది, దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదని. కానీ వాటిని ఇంట్లో ఉంచుకోలేకపోయాను పద్మా.

నాకు ఆ పిల్ల మీద ఎంత ప్రేమో నీకు తెలుసు. దాని గొప్ప నలుగురికీ తెలియాలనుకున్నాను. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు. తిట్టడానికైనా ఒక ముక్క రాయి.

సుందరి


విజయనగరం,
జూన్ 23, 2024.

పద్మా,

నువ్వు రాయలేదు. రాయవనే అనుకున్నాను.

మొన్న ఆదివారం కళింగపట్నం వెళ్ళాను. నీకు చెప్పకుండా వెళ్ళినందుకు కోపగించుకోకు. చేపలు ఆరబెట్టిన పందిళ్ళ మధ్య నుంచి అడుగుతూ వెళితే ఇల్లు చూపించారు. అరుణశ్రీ లేదు. ఆదివారం కూడా షిఫ్టు ఉందట. ఎర్రన్న మంచం మీంచే దణ్ణం పెట్టాడు.

ఆ తల్లి తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. గడప దగ్గర నిలబడి, తప్పు నాదేనమ్మా అన్నాను. ఆవిడకి సంఘాలూ నిషేధాలూ ఏవీ పట్టలేదు. "మీరేనా సుందరి మేడమంటే? మీ ఇంటికాడ మా గుంటకి పొద్దున్నే గంజి పెట్టించినారంట కదా, సెప్పినాది" అంది. నా కోసం పక్కింటి నుంచి కుర్చీ తెప్పించింది, నేను చేపలు తిననని తెలిసి టీ కాచింది. నేను ఏడుస్తుంటే, "ఊరుకోండమ్మా, ఆట అయిపోనాది. ఆడగుంట ఎన్నాల్లు ఆడతాది?" అని నన్నే ఓదార్చింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఇంటికొచ్చేదాన్ని.

పిల్లని మళ్ళీ చదివించడానికి నేను సాయం చేస్తానన్నాను. "మీకెందుకమ్మా సెమ" అంది. బస్సు దాకా వచ్చి సాగనంపింది.

సుందరి


శ్రీకాకుళం,
నవంబరు 10, 2024.

సుందరీ,

ఓడినవాళ్ళు ముందు రాయాలి. ఫిబ్రవరిలో ఓడింది నేను, అందుకని రాస్తున్నాను.

లాంఛనం రాయలేను. పిలవడానికి మా దగ్గరా కోర్టు లేదు. వానాకాలంలో ఎవరూ నీళ్ళు తోడలేదు, గడ్డి మోకాలెత్తు లేచింది. మా పిల్లల్ని మ్యాట్ మీదికి మార్చారు. సుహాసిని ఆట మానేసింది. బీఈడీలో చేరింది.

నీకు ఇన్నాళ్ళు రాయనిది కోపం వల్లేనని అనుకుని ఉంటావు. మొదట్లో కోపమే. తర్వాత ఆలోచిస్తే, నువ్వు పేపరుకి చెప్పకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చెప్పేవారు. క్లర్కు ముందే చెప్పాడు, నేను వినలేదు. మాష్టారు బతికి ఉన్నా ఆ పిల్లనే ఇచ్చేవారు. మనకి ఇంకోలా ఆడటం తెలియదు. ఇదంతా మనకి సమాధానంగా బాగానే ఉంటుంది, అరుణశ్రీకి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలియలేదు. అందుకే నీకూ రాయలేకపోయాను, దాన్నీ చూడటానికి వెళ్ళలేకపోయాను.

పోయిన శనివారం పని మీద శ్రీకూర్మం వైపు వెళ్ళి వస్తుంటే రోడ్డు మీద రొయ్యల ఫ్యాక్టరీ బస్సు పాడై ఆగిపోయి ఉంది. ఆడపిల్లలంతా దిగి గట్టు మీద కూర్చున్నారు. నెత్తికి వలటోపీలు, కాళ్ళకి గమ్‌బూట్లు. అందులోంచి ఒకర్తి "మేడమ్!" అని పరుగెత్తుకొచ్చింది. ఆ పరుగు చూసి గుర్తుపట్టాను, మొహం చూసి కాదు.

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చివికిపోయి ఉంది. రొయ్యలు ఐసులో పెట్టి వొలుస్తారట, పొద్దుగూకే దాకా అదే పని. "సేతి ఏల్లు మొద్దుబారిపోనాయి మేడమ్. మొన్న మా సెల్లి ఎనకాతల్నుంచి ఒచ్చి నా సెయ్యి ముట్టుకున్నాది. నాకు తెలనేదు. ఇప్పుడెవుల్ని తాకినా తెల్దు" అని చెప్పి నవ్వింది. రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి, మళ్ళీ ప్రయత్నిద్దాం అన్నాను. అది నావైపు చూసిన చూపు, నువ్వైనా తట్టుకోలేవు. "అలగే మేడమ్" అంది, నా కోసం.

బస్సు బాగయింది. ఎక్కబోతూ వెనక్కొచ్చి ఒక మాట అడిగింది. నీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

"సుందరి మేడమ్ కాడ ఆ పేపరు ఇంకోటి ఉంటాదా మేడమ్? మా యమ్మకి అచ్చరం ముక్క రాదు గదా, బొమ్మ లోపలికి మడిసి ఉంటే తెలక మా పేపర్లో నెత్తళ్ళు సుట్టేసి అమ్మేసినాది. గోడకి అంటించుకుందునని. ఆ సెయ్యి ఒక్కటీ సూసుకుందునని."

మా డిపార్టుమెంటు కాపీ మెమోతో పాటు ఫైల్లోకి వెళ్ళిపోయింది. అన్నీ కాల్చేశానని నువ్వు రాశావు. నాకు గుర్తుంది. అయినా ఒకసారి ఇల్లంతా వెతుకు.

పద్మ